రోగికి స్పృహ ఉన్నదా? – నర్సు వ్రాసే మూడు అంకెలు

నరసాపురం వంటి ఊరిలో మదరసా ఉపాధ్యాయుని వద్దకు వచ్చే మస్అలాలన్నీ గ్రంథం తెరిచి వెంటనే చెప్పదగినవి కావు. “అబ్బాజాన్ నాలుగు రోజులుగా ఆసుపత్రిలో ఉన్నారు. తప్పిపోయిన నమాజులకు ఖజా ఉన్నదా?” అని ఒకరు అడుగుతారు. “దాదీమా చేత నిన్న రాత్రి స్టాంపు కాగితం మీద వేలిముద్ర వేయించారు. అది చెల్లుతుందా?” అని మరొకరు. “బండి ప్రమాదం జరిగిన రెండో రోజు మా తమ్ముడు మంచం మీద పలవరిస్తూ భార్యకు తలాఖ్ అన్నాడు. ఇప్పుడు ఆ పిల్ల పుట్టింటికి వెళ్ళిపోవాలా?” అని ఇంకొకరు. ఈ మూడింటికీ ఫిఖ్హ్ గ్రంథాలలో జవాబు ఉన్నది. అయితే ఆ జవాబు చెప్పడానికి ముందు మేము అడగవలసిన మాట ఒక్కటే: ఆ వేళలో రోగికి స్పృహ ఉన్నదా, లేదా?

చిక్కంతా అక్కడే ఉన్నది. “కళ్ళు తెరిచారండీ” అంటారు. “మగతగా ఉన్నారు”, “తెలివి వచ్చీ రానట్టున్నారు”, “పిలిస్తే ఊఁ అన్నారు”, “బేహోషే గాని నా చెయ్యి నొక్కారు” అంటారు. చెప్పేవారు అబద్ధమాడడం లేదు. తాము చూసినదే చెబుతున్నారు. కాని ఒకరి మగత మరొకరికి నిద్ర, ఇంకొకరికి కోమా. ఈ మాటలను ఆధారం చేసుకొని ఒక నికాహ్ నిలిచిందనో తెగిందనో చెప్పడం సాధ్యమా?

ఇది మదరసాల వారి ఇబ్బంది మాత్రమే అనుకోరాదు. యాభై ఏళ్ళ క్రితం వరకు వైద్యులదీ ఇదే ఇబ్బంది. ఒక వైద్యుడు రోగిని ‘సగం కోమా’లో ఉన్నాడని వ్రాస్తే, డ్యూటీ మారిన తరువాత వచ్చిన వైద్యుడు అదే రోగిని ‘మత్తుగా ఉన్నాడు’ అని వ్రాసేవాడు. ఉదయం నుండి సాయంత్రానికి రోగి మెరుగైనాడా, దిగజారినాడా అన్నది ఆ కాగితాలు చూసి ఎవరూ చెప్పలేకపోయేవారు. ఈ గందరగోళాన్ని తొలగించడానికి స్కాట్లాండు దేశంలోని గ్లాస్గో నగరంలో మెదడు శస్త్రచికిత్స నిపుణులైన గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెన్నెట్ అనే ఇద్దరు ఒక కొలతను రూపొందించి 1974 జులైలో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ప్రకటించారు. దానినే నేడు ప్రపంచమంతటా గ్లాస్గో కోమా స్కేలు అంటున్నారు. దానికి యంత్రం అక్కరలేదు, రక్తపరీక్ష అక్కరలేదు. మంచం ప్రక్కన నిలిచిన నర్సు తన కంటితో, గొంతుతో, వ్రేళ్ళతో చేయగలిగినది. వారు కోరుకున్నదీ అదే. పెద్ద నిపుణుడు రోగిని చూసేది రోజుకు ఒకటి రెండు మార్లు. రాత్రంతా కనిపెట్టుకొని ఉండేది నర్సు.

కనుక మా ప్రశ్నలకు జవాబు చాలా సందర్భాలలో నర్సు చేతిలో ఉన్నదని మేము గ్రహించాము. ఆమెకు ఆ కొలత ఎంత బాగా తెలిస్తే రోగి ప్రాణానికి అంత మేలు. రోగి దీన్ విషయాలకూ, ఇంటివారి హక్కులకూ కూడ అంతే మేలు.

స్పృహకు మెట్లు ఉన్నాయన్న సంగతి మన విద్యకు కొత్త కాదు. ఆయతుల్ కుర్సీలో అల్లాహ్‌కు కునుకు గాని నిద్ర గాని రాదని చెప్పిన చోట ఆ రెంటికీ వేర్వేరు పదాలు వాడబడినాయి. తూర్ పర్వతం వద్ద హజ్రత్ మూసా (అలైహిస్సలాం) స్పృహ తప్పి పడిపోవడాన్ని ఒక పదంతోను, తిరిగి తెలివిలోకి రావడాన్ని ‘ఇఫాఖహ్’ అనే మరొక పదంతోను దివ్య ఖుర్ఆన్ తెలిపింది. ఫుఖహాలు నౌమ్, ఇగ్మా, సుక్ర్, జునూన్, అతహ్ అని నిద్రను, స్పృహ తప్పడాన్ని, మత్తును, పిచ్చిని, బుద్ధిమాంద్యాన్ని విడదీసి ఒక్కొక్కదానికి వేర్వేరు ఆదేశాలు చెప్పారు. నిద్రపోయినవాడు మేల్కొనగానే తప్పిన నమాజు చేయాలి. స్పృహ తప్పినవాని సంగతి వేరు. మన హనఫీ మజ్‌హబ్ ప్రకారం స్పృహలేమి ఒక పగలు, ఒక రాత్రి లేదా అంతకు లోపుగా ఉంటే ఆ నమాజులకు ఖజా ఉన్నది. అంతకు మించితే ఖజా లేదు. ఆ మించడాన్ని ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ అబూ యూసుఫ్ (రహిమహుమల్లాహ్) గంటల లెక్కన చూశారు. ఇమామ్ ముహమ్మద్ (రహిమహుల్లాహ్) నమాజు వేళల లెక్కన చూశారు. దీనికి మూలంగా ఫుఖహాలు హజ్రత్ అమ్మార్ బిన్ యాసిర్ (రజి) ఒక పగలు, రాత్రి స్పృహ తప్పి లేచిన తరువాత ఖజా చేయడాన్నీ, హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) అంతకంటె ఎక్కువ కాలం స్పృహ తప్పినపుడు చేయకపోవడాన్నీ చూపుతారు. హంబలీలు అన్నింటికీ ఖజా ఉన్నదన్నారు. షాఫయీ, మాలికీ ఇమాముల మార్గం ఇంకొకటి. మత్తుమందు ఇచ్చి వైద్యులే నిద్రపుచ్చిన రోగి విషయంలో మన ఇమాముల మధ్యనే చర్చ ఉన్నది. అటువంటి సందర్భంలో ముఫ్తీ గారిని విడిగా అడగాలి.

ఇందులో ఇంకా సూక్ష్మమైన మస్అలా ఒకటి ఉన్నది. మూడు రోజులు స్పృహ లేని రోగికి నడుమ నడుమ తెలివి వచ్చిందనుకొందాం. ఆ తెలివి రోజూ ఒక నియమిత వేళకు, ఉదాహరణకు తెల్లవారు జామున, వస్తూ ఉంటే దానిని లెక్కలోకి తీసుకోవాలి. అప్పుడు దానికి ముందటి స్పృహలేమి తెగిపోయినట్లే. అలాకాక ఉన్నట్టుండి రెండు మాటలు సవ్యంగా పలికి మరల స్పృహ కోల్పోతే ఆ తెలివికి లెక్క లేదు. ఈ మస్అలాను మేము విద్యార్థులకు ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నాము. నియమిత వేళకు వచ్చిందో లేదో ఎవరు గమనించాలి? ఇంటివారు అలసి వరండాలో పడుకొని ఉంటారు. గంట గంటకు కాగితం మీద మూడు అంకెలు వ్రాసే నర్సు ఒక్కతే చెప్పగలదు. మంచి వార్డులో ఆ కాగితం చూస్తే మేము గంటసేపు ప్రశ్నించి రాబట్టలేనిది ఒక్క నిమిషంలో తెలుస్తుంది.

ఇక ఆ మూడు అంకెలు ఏమిటో చెబుతాము. మొదటిది కళ్ళు. తమంతట తామే తెరుచుకుంటే 4, పిలిస్తే తెరిస్తే 3, వ్రేలి కొన మీద ఒత్తితే తెరిస్తే 2, ఏమి చేసినా తెరవకపోతే 1. రెండవది మాట. తానెవరో, ఎక్కడున్నాడో, ఏ నెలో సరిగా చెబితే 5, వాక్యాలు పలుకుతూనే తికమకపడితే 4, విడివిడి మాటలు మాత్రమే వస్తే 3, మూలుగు మాత్రమే ఉంటే 2, ఏ శబ్దమూ లేకపోతే 1. మూడవది కదలిక. చెప్పిన పని చేస్తే 6, నొప్పి పెట్టిన చోటికి చేయి తెస్తే 5, చేయి వెనుకకు లాక్కుంటే 4, మోచేయి అసహజంగా ముడుచుకుపోతే 3, బిగుసుకొని చాచుకుపోతే 2, ఏమీ లేకపోతే 1. అన్నీ కలిపితే అత్యధికం 15, అత్యల్పం 3. సున్నా లేదు. 8 గాని అంతకు తక్కువ గాని ఉంటే కోమాగా పరిగణిస్తారు. 3 వచ్చినంత మాత్రాన మరణించినట్లు కాదు. ఈ మాట ప్రత్యేకించి వ్రాస్తున్నాము, ఎందుకంటే “మూడేనట, ఇంకేమున్నది” అని ఇంటికి తీసుకుపోవడానికి సిద్ధపడిన వారిని మేము చూశాము. మెదడు కాండం మరణించిందా అన్నది వేరే పరీక్షలతో, చట్టం నిర్దేశించిన పద్ధతిలో వైద్యుల బృందం తేల్చవలసిన విషయం.

అనేక దేశాలలో నర్సుల పరిజ్ఞానాన్ని పరీక్షించి చూసిన పరిశోధకులకు తరచు ఒకే సంగతి కనబడింది. స్కేలులో ఎన్ని భాగాలున్నాయి, మొత్తం ఎంత అని అడిగితే చెప్పగలిగిన వారిలో చాలామంది, ఎదుట ఒక రోగిని ఉంచి అంకె వేయమంటే తడబడుతున్నారు. అందులోనూ కదలిక దగ్గర ఎక్కువ తప్పులు. నొప్పి చోటికి చేయి తేవడం, ఊరికే వెనుకకు లాక్కోవడం, అసహజంగా ముడుచుకోవడం, ఈ మూడింటి మధ్య తేడా కన్ను అలవాటు పడితేనే తెలుస్తుంది. కనుబొమ పై ఎముక దగ్గర ఒత్తినపుడు రోగి చేయి మెడ ఎముకను దాటి పైకి వస్తే అది 5. రాకపోతే కాదు. టీస్‌డేల్, జెన్నెట్‌లు మొదట ఈ భాగాన్ని ఐదు మెట్లుగానే పెట్టి, రెండు మూడేళ్ళ తరువాత ముడుచుకోవడాన్ని రెండుగా విడదీశారు. అందువల్లనే మొత్తం 14 నుండి 15 అయింది. స్కేలు కట్టినవారికే రెండవ ఆలోచన కావలసి వచ్చిన చోట, రెండు వార్డులు చూసుకునే చిన్న వయసు నర్సు తడబడితే ఆమెను నిందించడం న్యాయం కాదు. మంచం ప్రక్కన నిలబెట్టి నేర్పవలసినది పుస్తకంలో మాత్రమే నేర్పితే వచ్చే ఫలితం ఇది. తజ్వీద్‌ను పుస్తకం చదివి నేర్చుకున్నవాని ఖిరాఅత్ ఎలా ఉంటుందో మనకు తెలియదా!

ఇంటివారు తరచు మోసపోయేది చేతి పట్టు దగ్గర. “నా చెయ్యి పట్టుకున్నారు” అని సంతోషిస్తారు. పసిబిడ్డ అరచేతిలో వ్రేలు పెడితే బిడ్డ పట్టుకోవడం లేదా? దెబ్బతిన్న మెదడులో ఆ పట్టు మరల బయటపడవచ్చును. అందుకే తెలిసిన నర్సు “చెయ్యి నొక్కండి, ఇప్పుడు వదలండి” అంటుంది, లేదా “నాలుక చూపండి” అంటుంది. వదలమంటే వదిలినపుడే ఆజ్ఞ అర్థమైనట్లు. అలాగే కళ్ళు వాచి మూసుకుపోయిన రోగికి, గొంతులో గొట్టం వేసిన రోగికి 1 అని వ్రాయరాదు. పరీక్షించ వీలుకాలేదని వ్రాయాలి. మూడు అంకెలు కలిపి ‘పది’ అని మాత్రమే చెప్పడం కూడ మంచి పద్ధతి కాదు. పది అనేక విధాలుగా వస్తుంది. కళ్ళెంత, మాటెంత, కదలికెంత అని విడిగా చెప్పాలి. భీమవరానికో, అక్కడి నుండి విజయవాడకో, కాకినాడకో రోగిని పంపేటపుడు ఇక్కడ మొదటి గంటలో వేసిన అంకెలు కాగితం మీద ఉంటే అక్కడి వైద్యునికి రోగి ఎటు పోతున్నాడో తెలుస్తుంది. లేకపోతే అతడు మొదటి నుండి మొదలుపెట్టాలి.

ఇప్పుడు మన ఇళ్ళకు బాగా దగ్గరైన సంగతికి వద్దాము. మాట అనే భాగం భాష మీద ఆధారపడుతుంది. మన పెద్దవారిలో చాలామంది ఇంట్లో ఉర్దూ మాట్లాడుతారు. బజారులో తెలుగు వచ్చు. జబ్బుతో మెదడు అలసినపుడు మిగిలేది మాత్రం అమ్మ దగ్గర నేర్చిన భాషే. ఒకమారు మేము పరామర్శకు వెళ్ళిన వార్డులో డెబ్బై దాటిన ఒక పెద్దమ్మను నర్సు పరీక్షిస్తున్నది. “మామ్మగారూ, ఇది ఏ నెలండీ?” అని తెలుగులో అడిగింది. ఆమె కళ్ళు తెరిచి నెమ్మదిగా “షాబాన్” అన్నది. నర్సు కాగితం మీద కలం పెట్టబోయి ఆగి, మా వైపు తిరిగి, “ఏమంటున్నారండీ ఈవిడ?” అని అడిగింది. అది షాబాన్ నెలేనని, మరో పదకొండు రోజులలో రంజాన్ వస్తుందని చెప్పాము. ఆ అమ్మాయి నవ్వి 5 వేసింది. ఆమె ఆగి అడిగింది కనుక సరిపోయింది. అడగకపోతే ‘సంబంధం లేని మాట’ అని 3 వేసి ఉండేది. ఒక్కసారిగా రెండు అంకెలు పడిపోయినట్లు కాగితం చెబితే వైద్యుడు కంగారుపడి స్కానింగుకు పంపవలసి వచ్చేది. మరొక చోట, ఊరు పేరు చెప్పము, ఒక తాతగారికి తెలివి సరిగా లేదని రెండు రోజులు వ్రాస్తూ వచ్చారు. తీరా మనుమడు వచ్చి ఉర్దూలో అడిగితే తన పెన్షను ఎంత వచ్చేదో కూడ సరిగా చెప్పాడు.

ఇది మన సమాజానికి మాత్రమే పరిమితం కాదు. లంక గ్రామాల నుండి వచ్చిన రైతు ‘ఆషాఢం’ అంటాడు, జులై అనడు. ఏ నెల అన్న ప్రశ్నకు జవాబు రోగి జీవితంలో వాడే లెక్క ప్రకారం చూడాలి. చెవి వినబడని వృద్ధుని సంగతి కూడ అంతే.

దీనికి ఎదురు ప్రమాదం ఒకటి ఉన్నది. రోగి కలిమా గాని, దురూద్ గాని, సూరహ్ ఫాతిహా గాని గడగడ పలుకుతూ ఉంటే ఇంటివారు “మాషా అల్లాహ్, పూర్తి తెలివిలో ఉన్నారు” అంటారు. జీవితమంతా పలికిన మాటలు తికమకలో కూడ తప్పు లేకుండా రావచ్చును. అవి నాలుక మీద ఉండడం అల్లాహ్ అనుగ్రహమే, సందేహం లేదు. కాని వైద్యం దృష్టిలో అది ‘ఎక్కడున్నానో తెలుసు’ అన్నదానికి రుజువు కాదు. నర్సు ప్రశ్న అడుగుతున్నపుడు మనం నడుమ దూరి జవాబు అందించడం మానుకోవాలి. “అబ్బా, చెప్పండి, ఇది నర్సాపురం, నర్సాపురం” అని చెవిలో ఊదే కొడుకులను మేము చూశాము. పరీక్ష హాలులో అది ఏమవుతుందో వారికి తెలుసు.

మన డెల్టాలో ఈ కొలత అవసరమయ్యే ప్రమాదాలు కొన్ని ప్రత్యేకమైనవి. కొబ్బరి చెట్టు ఎక్కే దింపు కార్మికులు జారిపడడం ఒకటి. 216 నంబరు జాతీయ రహదారి మీద హెల్మెట్ లేని ప్రయాణాలు మరొకటి. తల మీద దెబ్బ తగిలి, కాసేపు బాగానే మాట్లాడి, టీ త్రాగి, “కాస్త పడుకుంటా” అన్న మనిషి మరల లేవకపోవడం మన పల్లెలలో ఎందరో విన్నారు. పుర్రెకు, మెదడు పై పొరకు నడుమ రక్తం చేరుతున్నపుడు ఇలా జరుగుతుంది. ఆ నడిమి తెలివి చూసి ఇంటికి తీసుకుపోరాదు. బ్రిటన్ దేశపు మార్గదర్శకాలలో తలకు దెబ్బ తగిలిన రోగిని అంకె 15కు చేరేవరకు అరగంటకొకమారు, చేరిన తరువాత రెండు గంటలపాటు అరగంటకొకమారు, ఆ మీద నాలుగు గంటలు గంటకొకమారు, అటుపిమ్మట రెండు గంటలకొకమారు చూడాలని ఉన్నది. రాత్రి రెండు గంటలకు నర్సు వచ్చి నిద్రపోతున్న రోగిని లేపి పేరు అడిగితే “పడుకోనివ్వరా?” అని ఆమె మీద కోపపడకండి. నిద్రకూ ఇగ్మాకూ తేడా తెలుసుకోవడానికి ఆమెకు వేరే మార్గం లేదు.

వృద్ధుల సంగతి మరీ మెల్లగా నడుస్తుంది. వుజూ చేసే చోట జారి తల గోడకు తగులుతుంది. ఆ రోజు ఏమీ ఉండదు. రెండు మూడు వారాల తరువాత మాట తడబడుతుంది, పగలంతా నిద్ర, నమాజులో రకాతులు మరచిపోవడం. వయసు వలననే అనుకొంటాము. రక్తం పలచబడే మాత్రలు వాడేవారి విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. పాత దెబ్బ సంగతి నర్సుకు మనం చెప్పకపోతే ఆమెకు తెలియదు.

కట్లపాము కాటు గురించి తప్పక చెప్పాలి. అది రాత్రి నేల మీద పడుకున్నవారిని నొప్పి తెలియకుండా కరుస్తుంది. విషం నరాలను పట్టి మొదట కనురెప్పలు వాలిపోతాయి, తరువాత చేతులు కాళ్ళు కదలవు, ఊపిరి ఆగిపోవచ్చు. చూసేవారికి పూర్తి కోమా. గ్లాస్గో కొలత వేస్తే 3 రావచ్చును. కాని లోపల మనిషికి తెలివి ఉండవచ్చు, అన్నీ వింటూ ఉండవచ్చు. విషానికి విరుగుడు ఇచ్చి, కృత్రిమంగా శ్వాస అందించి కాపాడితే తిరిగి మామూలు మనిషి కాగలడు. అంకె ఒక్కటే చూసి ఆశ వదిలే నర్సుకూ, వాలిన రెప్పను తన వ్రేలితో ఎత్తి “నా మాట వినబడితే కన్ను పైకి కదపండి” అనే నర్సుకూ మధ్య ఉన్న తేడా ఒక ప్రాణం.

రంజాన్ మాసంలో షుగరు వ్యాధి ఉన్నవారి విషయం మన ఇంటిదే. అస్ర్ తరువాత చెమటలు పట్టి, వణికి, పొంతన లేని మాటలు మాట్లాడి, దగ్గరకు వస్తే తోసేసే మనిషిని జిన్ను పట్టిందని దమ్ చేయించడానికి మదరసాకు తీసుకువస్తారు. దమ్ చేయడానికి మాకు అభ్యంతరం లేదు. కాని ముందు రక్తంలో చక్కెర ఎంతున్నదో చూడాలి. తగ్గి ఉంటే, మ్రింగగలిగినవానికి వెంటనే చక్కెర నీళ్ళు ఇవ్వాలి. అటువంటి స్థితిలో ఉపవాసం విడవడానికి షరీఅత్ అనుమతించింది. స్పృహ లేనివాని నోట్లో మాత్రం ఏమీ పోయరాదు, అది ఊపిరితిత్తులలోకి పోతుంది. అతనిని ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు కబురు చేయాలి.

వేలిముద్ర సంగతి మొదట అడిగి వదిలేశాము. నిద్రపోయేవాని నుండి మేల్కొనేవరకు, బాలుని నుండి యుక్తవయసు వచ్చేవరకు, పిచ్చివాని నుండి బుద్ధి కుదుటపడేవరకు కలం ఎత్తివేయబడిందని మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ప్రవచనం. దీని వెలుగులో ఫుఖహాలు స్పృహ లేనివాని తలాఖ్, అమ్మకం, హిబా, ఇఖ్రార్ చెల్లవన్నారు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం కూడ ఒప్పందం చేసే వేళకు బుద్ధి సవ్యంగా ఉండాలనే అంటుంది. మగతలో ఉన్న తల్లి బొటనవ్రేలిని సిరాలో అద్ది కాగితం మీద ఒత్తినవాడు తన చెల్లెలి వాటా తినడానికే ఆ పని చేస్తున్నాడని అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడరు. ఆ గంటకు కేస్ షీటులో ‘కళ్ళు 2, మాట 2, కదలిక 4’ అని నర్సు వ్రాసి ఉంటే ఆ ఆడకూతురి హక్కుకు అంతకు మించిన సాక్ష్యం ఏమి కావాలి? కనుక ఆ అంకెలు అంచనాగా, నిన్నటివి చూసి నేడు దించినవిగా ఉండరాదు. అమానత్ అన్న మాట మన సభలలో తరచు వినబడుతుంది. ఆ కాగితం అమానత్.

స్పృహ లేదనుకున్న చోట అది దాగి ఉండవచ్చునని ఇటీవలి పరిశోధనలు చూపుతున్నాయి. 1996లో లండనులోని ఒక ఆసుపత్రి వైద్యులు, ఏమీ తెలియని స్థితిలో ఉన్నారని పంపబడిన 40 మంది రోగులను పరిశీలిస్తే 17 మందికి నిజానికి తెలివి ఉన్నదని తేలింది. వారిలో చాలామంది చూపు కోల్పోయినవారు. కంటితో దేనినీ అనుసరించలేదు గనుక తెలివి లేదని పొరబడ్డారు. 2006లో ఏడ్రియన్ ఓవెన్ అనే శాస్త్రవేత్త అటువంటి ఒక యువతిని స్కానింగు యంత్రంలో ఉంచి, టెన్నిస్ ఆడుతున్నట్లు ఊహించుకోమని చెబితే, ఆరోగ్యవంతుల మెదడులో ఏ భాగం పనిచేస్తుందో ఆమెలోనూ అదే పనిచేసింది. ఈ సంగతి చదివినప్పటి నుండి మేము పరామర్శకు వెళ్ళినపుడు మంచం దగ్గర వారసత్వం మాట ఎత్తినవారిని బయటకు పంపుతున్నాము. కలిమా తల్ఖీన్ చేయమన్నారు పెద్దలు, లెక్కలు చూడమనలేదు.

మన దేశంలో అరుణా షాన్‌బాగ్ పేరు చాలామంది విన్నారు. ఆమె స్వయంగా నర్సు. ముంబయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో 1973 నవంబరులో ఒక దుర్మార్గుని దాడికి గురై, 2015 మే 18న మరణించేవరకు దాదాపు 42 ఏళ్ళు అదే ఆసుపత్రి మంచం మీద ఉన్నది. ఆమెకు ఆహారం ఆపి మరణించనివ్వాలని వేసిన పిటిషనును 2011 మార్చి 7న సుప్రీం కోర్టు త్రోసిపుచ్చింది. ఆమె తమ సన్నిధికి, స్పర్శకు, ఆహారానికి స్పందిస్తున్నదని అక్కడి నర్సులు చెప్పారు. తరాలు మారినా సేవ మానలేదు. కొలత వేయడం ఒకటి, కనిపెట్టడం ఒకటి. ఆ రెండవది ఏ స్కేలులోనూ లేదు.

రోగిని అడిగి తెలుసుకోవడం మన సీరత్‌లోనూ ఉన్నది. ఖందఖ్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)ను గాయాలకు చికిత్స చేసే రుఫైదా (రజి) అనే మహిళ వద్దకు చేర్చారు. మహాప్రవక్త (స) ఆ దారిన వెళ్ళేటపుడు సాయంత్రం ఎలా ఉన్నావని, ఉదయం ఎలా ఉన్నావని సఅద్ (రజి)ను అడిగేవారు. ఉమ్మె అతియ్యా (రజి) ఏడు యుద్ధ యాత్రలలో వెళ్ళి గాయపడినవారికి సేవ చేశారు. రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) నీళ్ళు అందించి, క్షతగాత్రులను మదీనాకు చేర్చారు. తుది జబ్బులో మహాప్రవక్త (స) స్పృహ తప్పి, తెలివి రాగానే “జనం నమాజు చేశారా?” అని అడిగి, స్నానం చేసి లేవబోయి మరల స్పృహ తప్పారని, ఇలా మూడుమార్లు జరిగిందని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. ఎన్నిమార్లు, ఏ క్రమంలో, తెలివి రాగానే మొదటి మాట ఏమిటి, అంతా ఆమె గమనించి ఉంచుకున్నారు.

ఇంత చెప్పిన తరువాత కూడ మన ఇళ్ళలో ఆడపిల్ల నర్సింగు చదువుతానంటే ముఖాలు ముడుచుకుంటాయి. రాత్రి డ్యూటీలు, పరపురుషులు, దుస్తులు అంటారు. హిజాబుతో పనిచేసే చోట్లు ఉన్నాయి, స్త్రీల వార్డులు ఉన్నాయి, పెద్దల తోడు ఏర్పాటు చేయవచ్చును. మన తల్లిని మాత్రం ఆడనర్సే చూడాలని పట్టుబడతాము. ఆ నర్సు ఎవరి కూతురో కావాలి, మన కూతురు కారాదు! మాకు ఈ లెక్క అర్థం కాదు. షాబాన్ అంటే ఏమిటో అడగనక్కరలేని నర్సు వార్డుకు ఒక్కరైనా ఉంటే ఎంతమంది పెద్దమ్మల అంకెలు సరిగా పడతాయి!

అంతవరకు చేయదగిన చిన్న పని ఒకటి చేశాము. మాకు తెలిసిన వార్డులోని సిస్టర్ కోరగా ఒక కాగితం మీద తెలుగు అక్షరాలలో ఉర్దూ ప్రశ్నలు వ్రాసి ఇచ్చాము. ‘ఆప్ కా నామ్ క్యా హై?’ – మీ పేరేమిటి. ‘ఆప్ అభీ కహాఁ హైఁ?’ – మీరిప్పుడు ఎక్కడున్నారు. ‘యే కౌన్ సా మహీనా హై?’ – ఇది ఏ నెల. ‘జబాన్ దిఖాయియే’ – నాలుక చూపండి. క్రింద ముహర్రం మొదలు జుల్‌హిజ్జా వరకు పన్నెండు నెలల పేర్లు, ఏ నెల ఎప్పుడు మొదలయిందో చూసుకోవడానికి ఒక క్యాలెండరు. ఇది ఏ మస్జిదు కమిటీ అయినా తన ఊరి ఆసుపత్రికి ఇవ్వవచ్చును, ఖర్చు పది రూపాయలు కాదు.

కాగితం ఇచ్చిన వారానికి ఆ సిస్టర్ ఫోను చేసి ఒక సందేహం అడిగింది. “మౌల్వీ గారండీ, పదో మంచం తాతగారు ఏమడిగినా ‘జీ’ అంటున్నారండీ. దాన్ని మాట కింద వేయాలా, శబ్దం కింద వేయాలా?” మా పెద్దవారి నోట ‘జీ’ అన్నది మర్యాద కొద్దీ నిద్రలో కూడ వస్తుందని చెప్పాము. “అమ్మా, ‘జీ’ అని బదులు చెప్పడానికి వీలులేని ప్రశ్న వేసి చూడు. పిల్లలెంతమంది అని అడుగు” అన్నాము. అయిదు నిమిషాల తరువాత మరల ఫోను వచ్చింది. ఆయన అయిదుగురని, ఇద్దరు మస్కట్‌లో ఉన్నారని, చిన్నవాడు ఫోను చేయడం లేదని చెప్పారట.